కోటిలింగం తెచ్చిన హెడ్డు

జక్రయ్యకి ఒకటే జబ్బు. ఏ ఇనపముక్క చూపించినా, అది బల్లమీదకి చేరకముందే ఫలానా బండిదని చెప్పేసేవాడు.

ఒంగోల్లో కర్నూలు రోడ్డు మీద పీరాసాయిబు షెడ్డులో పని నేర్చుకున్నాడు. తల నెరుస్తున్నా ఉస్తాదుని వదిలి వెళ్ళలేదు. పాతకార్ల హెడ్లంటే మరీ పిచ్చి వాడికి. హెడ్డంటే ఇంజను మీద మూతలాగా బిగించే ఇనపదిమ్మ. దూరం నుంచి చూసి పేరు చెప్పేవాడు. చాలాసార్లు నిజమే అయ్యేది. అక్కడే వచ్చింది చిక్కు. రోడ్డు మీద అందరూ 'హెడ్ల జక్రయ్య' అని పిలవటం మొదలెట్టేసరికి, ఆ పేరు నిలబెట్టుకోటానికి ఇంకా తొందరగా చెప్పేవాడు.

"కాస్త ఊపిరి పీల్చుకుని చెప్పరా," అనేవాడు పీరాసాయిబు.

"నేను ఊపిరి పీల్చుకుంటే ఇనుము మారుద్దా ఉస్తాద్?"

సాయిబు నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఆదెమ్మ వచ్చింది, పాతసామాన్ల బండాయన్ని వెంటబెట్టుకుని.

ఆదెమ్మ మొగుడు కోటిలింగం పొగాకు కంపెనీలో డ్రైవరు. బతికినంతకాలం ఒకే కారు తోలాడు, పాత మోరిసు. కంపెనీవాళ్ళు దాన్ని వదిలించుకుంటుంటే తనే తెచ్చుకున్నాడు. హెడ్డు పగిలి, నీళ్ళు ఇంజన్లోకి దిగుతుంటే తీసుకొచ్చి ఈ షెడ్డు వెనక పెట్టాడు. ఇంకో హెడ్డు కోసం ఊళ్ళన్నీ తిరిగాడు. ఆఖరికి మద్రాసులో దొరికిందని గోతంలో వేసి మోసుకొచ్చాడు. బిగించేలోపే మంచాన పడ్డాడు, మరి లేవలేదు.

హెడ్డు ఆ మంచం కిందే ఉండిపోయింది. దాని మీదుండే నంబరు ఎవరో అరగదీసేశారు. అది చూసి బజారంతా ఒకటే మాట, కొట్టువాడెవడో లింగాన్ని ముంచాడని.

"సాయిబన్నా, ఇది ఆ కారుదో కాదో తేల్చు," అంది ఆదెమ్మ. "ఔనంటే బిగించు, మా అల్లుడు తోలుకుంటాడు. కాదంటే ఇదీ ఆ కారూ రెండూ ఈయనకి వేసేస్తా. మంచం కింద చీపురు పెట్టనియ్యకుండా ఉంది."

"నాకు ఏదైనా ఒకటే అమ్మా, ఇనుమే గదా," అన్నాడు బండాయన చెమట తుడుచుకుంటా.

పీరాసాయిబు సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. గడ్డం ఎత్తి జక్రయ్యకి చూపించాడు, నువ్వు చూడమని.

హెడ్డు చుట్టూ తెల్లపంచె చుట్టి ఉంది. జక్రయ్య పంచె విప్పి, హెడ్డుని బల్లమీద వెల్లకిలా పెట్టాడు. పెట్టాడో లేదో, "దీనిది కాదమ్మా," అన్నాడు.

అని, రుజువు చూపిద్దామని కారు దగ్గరికెళ్ళి పాత గ్యాస్కెట్టు తెచ్చాడు. ఇంజనుకీ హెడ్డుకీ మధ్య పరిచే చిల్లుల రేకు అది. ఇంజను మీద ఎట్టా ఉందో అట్టాగే ఎత్తి తెచ్చి హెడ్డు మీద పరిచాడు.

"చూడు. బోల్టుల చిల్లులు అన్నీ కలిశాయి. మీ ఆయన పొరపాటు పడింది అక్కడే. ఇదిగో, నీళ్ళు పోయే చిల్లులు రెండూ చూడు, మూసుకుపోయాయి." రేకుని ఆ కొస ఈ కొస మార్చి పెట్టాడు. "ఇట్టా పెట్టినా అంతే. ఇలాంటిదే ఇంకేదో బండిది. ముంచారమ్మా ఆయన్ని."

"సరే," అంది ఆదెమ్మ.

పంచె తీసి, దులిపి, మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. "పంచె మటుకు ఇవ్వను," అంది బండాయనతో. "హెడ్డు ఎత్తుకో."

పీరాసాయిబు సాసరు కింద పెట్టాడు. "ఉండవయ్యా," అంటా లేచొచ్చాడు.

జక్రయ్య వంక చూళ్ళేదు. ఆ రేకుని రెండు వేళ్ళతో ఎత్తి, పెనం మీద అట్టు తిరగేసినట్టు తిరగేసి, మళ్ళీ హెడ్డు మీద పరిచాడు.

బోల్టుల చిల్లులు కలిశాయి. నీళ్ళ చిల్లులూ కలిశాయి. రెండింట్లోంచీ హెడ్డు లోపలి చీకటి కనిపించింది.

జక్రయ్య మొహం పాలిపోయింది. హెడ్డు ఇంజను మీద బోర్లా కూర్చుంటుంది. బల్లమీద వెల్లకిలా పడుకోబెడితే రేకుని కూడా తిరగెయ్యాలి. షెడ్డులో చేరిన కొత్తలో నేర్చుకున్న సంగతి.

"ఆమెకి నువ్వే చెప్పరా," అన్నాడు సాయిబు.

జక్రయ్య ఆదెమ్మ వైపు తిరిగాడు. "దీనిదేనమ్మా," అన్నాడు. "నేను తప్పు చెప్పా."

ఆదెమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నన్ను చూసి జాలిపడి అంటున్నారా? అట్టాంటివి నాకొద్దు."

"వేలు పెట్టి చూడమ్మా," అన్నాడు జక్రయ్య.

"ఇనుము సంగతి నాకేం తెలుసయ్యా," అంటానే దగ్గరికొచ్చింది. ఒక చిల్లులో వేలు పెట్టింది. తీసి ఇంకోదాంట్లో పెట్టింది. వేలు ఎక్కడా అడ్డుపడలా, లోపలిదాకా పోయింది. నల్లబడ్డ వేలుని చూసుకుంది గానీ తుడుచుకోలేదు.

"పిచ్చోడు," అంది. "ఎన్నిసార్లు అడిగినా దీనిదే అన్నాడు. ఒక్కసారి కూడా మాట మార్చలా."

బండాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే కారు కూడా లేనట్టేనా అమ్మా?"

"లేనట్టే నాయనా. ఇంకో బజారు చూసుకో."

చంకలో పంచె తీసి విప్పింది. హెడ్డు మీద కప్పి, నాలుగు వైపులా సర్దింది. "బిగించేదాకా దుమ్ము పడకుండా చూడు అబ్బాయి. పంచె ఉతికిందే," అని చెప్పి వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయింది.

సాయిబు వెళ్ళి మళ్ళీ టీ దగ్గర కూర్చున్నాడు. అది చల్లారిపోయింది. అట్టాగే తాగాడు.

జక్రయ్య పంచె ఒక పక్క కొద్దిగా ఎత్తాడు. గ్యాస్కెట్టుని మొదటి వైపుకి తిప్పి చూశాడు, చిల్లులు మూసుకున్నాయి. తిరగేశాడు, తెరుచుకున్నాయి. పంచె మళ్ళీ జాగర్తగా కప్పాడు.

"ఇది దీనిదేనని మీకు ముందే తెలుసా ఉస్తాద్?"

"నాకా? తెలీదు."

"మరి?"

"తెలీదు కాబట్టే తిప్పి చూశా."