వాటాలు పడని కుందేళ్ళు

అనగనగా ఒక ఊరుందట. ఆ ఊళ్ళో ఒక వీధి పొడుగునా మగ్గాల చప్పుడేనట. ఆ వీధిలో వరాలు అనే పిల్ల ఉండేది. కూర్చోమంటే నిలబడేది, నిలబడమంటే గెంతేది. వాదనకి దిగిందా, ఎదుటివాళ్ళ చేత మూడు చెరువుల నీళ్ళు తాగించేది. ఊఁ కొట్టు బంగారం, అప్పుడే కళ్ళు మూస్తావేం?

ఆ పిల్లకి మేనమామ రెండు కుందేళ్ళు తెచ్చిచ్చాడు. తెల్లదాని పేరు దూది. రెండోది బూడిద రంగు, దాని పేరు బూడిదే!

తెచ్చిన పూటే ఇంట్లో రభస మొదలైంది.

"బయట గండుపిల్లి తిరుగుతోంది. ఇంట్లోనే ఉంచండి" అంది నాయనమ్మ.

"ఇంట్లోనా? నా మగ్గం పక్కనా? పెరట్లోకి పట్టుకెళ్ళండి" అంది అమ్మ. అమ్మ చీరలు నేస్తుంది మరి.

నాయనమ్మ తగ్గదు. అమ్మా తగ్గదు. అప్పుడు అమ్మ తేల్చి చెప్పేసింది: "సంత రోజుకల్లా వీటికో చోటు చూడు వరాలూ. చూడలేదో, సంతలో ఎవరికైనా ఇచ్చేసి వస్తాను."

ఇంకేముంది! వరాలుకి కాలు ఒక చోట నిలవలేదు.

ముందు ఇంట్లో ఉంచింది. అమ్మ మగ్గం మీద పడుగు ఉంది. పడుగంటే చీర పొడుగునా సాగదీసిన దారాలు. గట్టిపడాలని వాటికి అన్నం గంజి పెడతారు. ఆ గంజి వాసనకి దూది ముక్కు అదిరింది. కటుక్కున ఒక పోగు కొరికింది. బూడిద ఊరుకుంటుందా? అదీ కొరికింది.

"చూడవే, నీ చుట్టాలు చేసిన ఘనకార్యం!" అంది అమ్మ తెగిన పోగులు చూపించి.

"తిండి పూసింది నువ్వు. తిన్నందుకు వాటిని తిడతావేం?" అంది వరాలు. అమ్మ ఒక్క చూపు చూసింది. అంతే, వాదన అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత పెరట్లో ఉంచింది. కోళ్ళగంప బోర్లించి పైన రాయి పెట్టింది. మధ్యాహ్నమయ్యేసరికి ఎండకి రెండూ డొక్కలెగరేసుకుంటూ రొప్పాయి. వరాలు పరుగున వెళ్ళి తడిగోనె కప్పింది. సాయంత్రం గండుపిల్లి వచ్చి గంప సందులోంచి పంజా దూర్చింది. లోపల బూడిద వెనక్కాళ్ళతో నేలని దబదబా బాదింది. వరాలు చీపురు తిరగేసి పిల్లిని గోడ దాటించింది.

"చెప్పానా, లేదా?" అంది నాయనమ్మ.

"పోగులు ఎవరు అతుకుతారు మరి?" అంది అమ్మ.

మళ్ళీ మాటా మాటా పెరిగింది. ఆ ఇంట్లో ఏ తగువొచ్చినా నాయనమ్మది ఒకటే తీర్పు, చెరి సగం. బెల్లం ముక్కయినా అంతే, పడుకునే చాపయినా అంతే. అప్పుడూ అలాగే అంది: "ఒకటి లోపల, ఒకటి బయట. లోపలిదాన్ని బుట్టలో పెడదాం. బయటి గంపని నీడకి జరిపి చుట్టూ ముళ్ళకంప వేద్దాం. నీ మాటా నెగ్గింది, నా మాటా నెగ్గింది."

అమ్మ సరేనంది. న్యాయంగానే ఉందే అనుకుని వరాలూ సరేనంది.

దూది వంటింటి మూలకి వెళ్ళింది. బూడిద గంప కిందకి వెళ్ళింది. దూదికి మునగాకు పెడితే ముట్టలేదు. బూడిదకి పెడితే మొహం తిప్పేసుకుంది. వరాలు వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వంటింట్లోకీ తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. తెల్లారితే సంత!

"తిండి కూడా మానేశాయి. ఇచ్చేద్దాంలే వరాలూ, చూసుకునేవాళ్ళు చూసుకుంటారు" అంది అమ్మ, ఈసారి మెల్లగా.

వరాలు దూదిని గబుక్కున చంకనెత్తుకుని పెరట్లోకి పరిగెత్తింది. గంప ఎత్తి బూడిద పక్కన వదిలింది. ముక్కూ ముక్కూ ఆనించుకున్నాయి. బూడిద దూది చెవి నాకింది. ఆ తర్వాత ఒకే మునగరెమ్మని ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి కొరకడం మొదలెట్టాయి.

వరాలు నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మీరిద్దరూ గెలిచారు. ఓడిపోయింది అవి! ఇల్లా పెరడా అని కొట్టుకున్నామే గానీ, విడివిడిగా ఉండగలవా అని చూశామా? మీరు చూడలేదు. నేనూ చూడలేదు. ఇవి బెల్లం ముక్కలు కావు నాయనమ్మా, చెరి సగం చెయ్యడానికి!"

అప్పుడు అమ్మ మగ్గం ఆపి లేచింది.

"వసారా చివర చోటుంది. పైన కప్పుంది, మగ్గానికి దూరం. తడికలు కడతాను, వచ్చి పట్టుకో."

"పిల్లి కాలు దూరకుండా దగ్గరగా కట్టండి. తవ్వుకోవడానికి కాస్త మట్టి కూడా పొయ్యండి" అంది నాయనమ్మ.

మర్నాడు సంతకి అమ్మ ఒక్కతే వెళ్ళింది. వచ్చేటప్పుడు చంకలో ముల్లంగి ఆకుల కట్ట!

దూది పక్కన బూడిద,
బూడిద పక్కన దూది,
కథ నడిచింది కంచికి,
నిద్ర వచ్చింది మంచానికి!