పైడి చెప్పిన లోటు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో సింహం లేదు. సింహం లేని అడవేమిటని అడక్కండి పిల్లలూ. సింహం ఉంటే ఈ కథలో పసివాళ్లకి నిద్ర పట్టేది కాదు.

ఆ అడవిలో తల్లులందరూ పొద్దున్నే మేతకి పోయేవారు. పోతూ పోతూ పిల్లల్ని ఐరావతమ్మ పాకలో దించేవారు. ఐరావతమ్మ అంటే పెద్ద ఏనుగు. మనసు మంచిదే. కానీ ఏనుగు కదా, కాళ్ల దగ్గర జరిగేది అంత తొందరగా కంటికి ఆనేది కాదు. పిల్లల్ని చూసుకున్నందుకు తల్లులు పళ్లూ దుంపలూ తెచ్చి ఇచ్చేవారు. అవన్నీ పాక వెనకున్న గాదెలో చేరేవి.

ఆ పాకలో పైడి అనే ముంగిస పనికి కుదిరింది. పాక చుట్టూ తిరిగి పాముల్ని తరిమికొట్టడమే దాని పని. కూలి రోజుకి ఒక దొప్పెడు తిండి. పైడికి ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలున్నారు. ఆ దొప్పెడు తిండి ముగ్గురికీ సరిపోయేది. పొద్దుండగానే ఇల్లు చేరేది. అప్పట్లో పైడి బతుకు బాగానే ఉండేది.

కొన్నాళ్లకి, పాకలో పిల్లల్ని జోకొట్టే గువ్వ గుడ్లు పెట్టడానికి పుట్టింటికి వెళ్లింది. మళ్లీ రాలేదు.

"ఇంకొకరు దొరికేదాకా ఆ జోలపాట కూడా నువ్వే చూసుకో పైడీ" అంది ఐరావతమ్మ.

"అలాగేనమ్మా" అంది పైడి.

పైడి గొంతు గరగర. మొదటిరోజు పిల్లలు కళ్లు మూసుకుంది పాటకి కాదు, భయానికి. పోను పోను అలవాటు పడ్డారు.

ఇంకొన్నాళ్లకి, పిల్లలకి తిండి పెట్టే కుందేలుకి పెళ్లయింది. అది అవతలి కొండకి కాపరానికి వెళ్లిపోయింది.

"ఇంకొకరు దొరికేదాకా ఆ తిండి సంగతి కూడా నువ్వే చూసుకో పైడీ. పిల్లలు నీకు అలవాటే కదా" అంది ఐరావతమ్మ.

"అలాగేనమ్మా" అంది పైడి.

దొరకాలంటే వెతకాలి కదా పిల్లలూ. ఎవరూ వెతకలేదు. పని ఆగితే కదా వెతకాలని తోచడానికి. పైడి ఉండగా ఏ పనీ ఆగలేదు.

పనులు మూడయ్యాయి. ఇంటి దగ్గర పిల్లలు ఎదిగి ఆకళ్లూ పెరిగాయి. దొప్ప మాత్రం ఒక్కటే.

మరి పైడి అడగొచ్చు కదా అంటారేమో. ఆ అడవిలో దానికో ఆనవాయితీ ఉంది. ఏటా తొలకరి రోజున ఐరావతమ్మ పనివాళ్లందరినీ ఇప్పచెట్టు కిందికి పిలిచేది. తలా ఒక తేనెపట్టు ముక్క పెట్టి, "ఎలా ఉన్నారు? ఏమైనా లోటా?" అని ఒక్కొక్కరినీ అడిగేది. "మీ చలవ వల్ల ఏ లోటూ లేదమ్మా" అని వాళ్లు చెప్పాలి. తాతల నాటి నుంచీ అదే ప్రశ్న, అదే జవాబు. వేరే జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ ప్రశ్నకి వేరే జవాబు ఉండొచ్చన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు.

జోలపాట పని మీద పడిన ఏడు పైడి ఆ మాటే చెప్పింది. తిండి పెట్టే పని మీద పడిన ఏడు కూడా నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "మీ చలవ వల్ల ఏ లోటూ లేదమ్మా" అనే చెప్పింది. పెద్దావిడ, కళ్లున్నావిడ, ఆమే చూసి ఆమే కూలి పెంచుతుందిలే అనుకుంది.

చూడటానికి వీలుగా ఐరావతమ్మ పక్కన నిలబడి గట్టిగా నిట్టూర్చేది కూడా.

"ఆయాసమా పైడీ? కాస్త వాము నములు, తగ్గుతుంది" అనేది ఐరావతమ్మ.

పైడి వాము నమిలేది. ఆకలి ఇంకా పెరిగేది.

ఒకరోజు పైడి లేడిపిల్లకి గంజి తాగిస్తోంది. వెనక తడిక సందులోంచి తాచు లోపలికి వచ్చింది. పైడికి తెలియలేదు. కోతిపిల్ల కెవ్వుమంటే అప్పుడు తిరిగి చూసింది. ఒక్క గెంతులో పోయి తాచుని తరిమింది. గంజి తాగిస్తూ పాము రాకుండా ఎలా కాస్తారు? ఇవాళ కోతిపిల్ల అరిచింది. రేపు అరిచేలోపే కాటు పడితే?

ఆ సాయంత్రం చీకటి పడ్డాక ఇల్లు చేరింది. పెద్దపిల్ల మెలకువగా ఉంది.

"అమ్మా, అక్కడి పిల్లలకి రోజూ జోల పాడతావటగా. మాకెప్పుడు పాడతావు?" అని అడిగింది.

పైడికి ఏడుపొచ్చింది. చిన్నపిల్లని లేపి, దొప్పలో ఉన్నది ఇద్దరికీ పంచి, తను నీళ్లు తాగి పడుకుంది.

మర్నాడు పక్క చెట్టు మీది కాకి సంగతంతా విని నవ్వింది.

"ఎంత వెర్రిదానివి వదినా. పిల్లలకి తిండి పెట్టేది నువ్వేగా. తలా ఒక ముద్ద తగ్గించి మూట కట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? నీకు రావలసిందే కదా."

"నాకు రావలసింది గాదెలో ఉంది వదినా. పసివాళ్ల నోట్లో లేదు" అంది పైడి.

"అయితే ఆ గాదె గల ఆవిణ్ణే అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు" అని కాకి ఎగిరిపోయింది. ఎగతాళికే అంది కానీ, మాట మాత్రం పైడి మనసులో నాటుకుంది.

తొలకరి వచ్చింది. పైడి ఇప్పచెట్టు దగ్గరికి బయలుదేరింది. దారిలో ఒక చెదపుట్ట ముందు ఆగి, చెప్పవలసిన మాటలు దానికి చెప్పి చూసుకుంది. పుట్ట ఏమీ అనలేదు. అదే ధైర్యమనుకుని ముందుకి నడిచింది.

"ఎలా ఉన్నావు పైడీ? ఏమైనా లోటా?" అని అడిగింది ఐరావతమ్మ. అడుగుతూనే పక్కవాళ్ల వైపు తిరగబోయింది.

"ఉందమ్మా" అంది పైడి.

ఐరావతమ్మ చెవులు ఊపడం ఆపేసింది. గాదె చూసుకునే నక్క జిత్తయ్య తేనెపట్టు ముక్క కింద పడేసుకున్నాడు.

"పండగపూట నలుగురిలో అదేం మాట పైడీ? అమ్మగారి పరువు తీస్తావా?" అన్నాడు.

"అడిగింది నేనే కదా జిత్తయ్యా. చెప్పనీ" అంది ఐరావతమ్మ.

పైడి గొంతు సవరించుకుంది. అయినా గరగరగానే వచ్చింది.

"అమ్మా, నేను కుదిరింది పాముల కాపలాకి. దొప్పెడు కూలి దానికే. గువ్వ పని నేనే చేస్తున్నాను. కుందేలు పనీ నేనే చేస్తున్నాను. వాళ్ల కూలి నాకు రావడం లేదు."

"నిరుడు అడిగితే లోటు లేదన్నావు. అంతకు ముందేడూ అదే అన్నావు. నేను నమ్మాను" అంది ఐరావతమ్మ. ఆ గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది.

"అది నా తప్పేనమ్మా. అందరూ అనేదే నేనూ అన్నాను. కానీ గువ్వ రావడం లేదని, కుందేలు వెళ్లిపోయిందని మీకూ తెలుసు కదమ్మా."

ఐరావతమ్మ తల దించుకుంది.

జిత్తయ్య ఊరుకోలేదు. "ఒకరికి పెంచితే అందరూ అడుగుతారమ్మగారూ. ఇవాళ దొప్ప అంటారు, రేపు గంప అంటారు."

"పెంచకపోతే వెళ్లిపోతావా పైడీ?" అని అడిగింది ఐరావతమ్మ.

ఇప్పుడు చెప్పబోయే మాటకి ఉన్న దొప్ప కూడా పోవచ్చు. అయినా చెప్పింది.

"వెళ్లనమ్మా. కుదిరిన పని కుదిరినట్టు చేస్తాను. మిగతా రెండింటికీ వేరేవాళ్లని చూసుకోండి. ఎందుకంటే, మొన్న నేను గంజి తాగిస్తుంటే తాచు పాకలోకి వచ్చింది. కోతిపిల్ల అరవబట్టి తెలిసింది. ఇలా మూడు పనులూ నేనే చేస్తే ఏదో ఒక రోజు పాము గెలుస్తుంది."

ఐరావతమ్మ గాదె వైపు చూసింది.

"గాదె ఏటేటా నిండుతుంటే నా పొదుపు అనుకున్నాను. అది నీ పిల్లల ఆకలి అని తెలియలేదు. నిజానికి తెలుసుకోవాలని చూడలేదు" అంది.

తర్వాత లేచి నిలబడి, తీర్పు చెప్పినట్టు చెప్పింది. తిండి పెట్టడానికి రేపే ఒక కుందేలుని వెతుకుతారు. ఈసారి నిజంగానే వెతుకుతారు. జోలపాట పైడి దగ్గరే ఉంటుంది. ఎందుకంటే ఆ గరగర గొంతు లేకపోతే ఇప్పుడు పిల్లలు నిద్రపోవడం లేదు. కూలి ఇక మీద రెండు దొప్పలు. జరిగిపోయిన కాలానికి వానాకాలమంతా కొంత కలిపి ఇస్తారు. పొద్దుండగానే పైడి ఇంటికి వెళ్లొచ్చు.

"చాలా పైడీ?" అని అడిగింది.

పైడి ఒక్క క్షణం ఆలోచించింది. ఈసారి మర్యాదకి కాదు, నిజంగా ఆలోచించింది.

"చాలమ్మా" అంది.

తర్వాత వంతు నీళ్లు మోసే తాబేలుది. ముసలాయన. "మీ చలవ వల్ల" అని మొదలుపెట్టి ఆగాడు. పైడి వైపు చూశాడు. "అమ్మా, ఏటి గట్టు జారుతోంది. రోజూ రెండుసార్లు పడుతున్నాను" అన్నాడు.

"చూశారా, నేను చెప్పానా లేదా" అన్నాడు జిత్తయ్య.

"చెప్పావు. కూర్చో. ఇవాళ అందరి మాటా విందాం" అంది ఐరావతమ్మ.

ఆ తొలకరికి ఇప్పచెట్టు కింద మాటలు తెగేసరికి తేనెపట్టంతా అయిపోయింది. జిత్తయ్య భయపడినట్టు గంప మాత్రం ఎవరూ అడగలేదు.

పైడి పొద్దుండగానే రెండు దొప్పలతో ఇంటికి చేరింది. ముగ్గురూ కడుపునిండా తిన్నారు. తర్వాత పిల్లలిద్దర్నీ పక్కన వేసుకుని జోలపాట ఎత్తుకుంది. పెద్దపిల్ల కాసేపు విని, "అమ్మా, నీ గొంతేం బాగాలేదు" అంది.

పైడి ఆపింది.

"ఆపకు, పాడు" అంది పిల్ల, ఇంకా దగ్గరికి జరుగుతూ.

నీతి: పని పెరిగినప్పుడు మొహమాటపడి నోరు మూసుకుంటే లోటు మనకే మిగులుతుంది. నిజాన్ని మర్యాదగా, నిబ్బరంగా చెప్పి అడగాలి. "ఏమైనా లోటా" అని అడిగేవాళ్లు జవాబు వినడానికి సిద్ధపడి అడగాలి.