పైడయ్య వీపు తిప్పిన మ్యాచ్

వరి కోతలు అయిపోయి మళ్లన్నీ ఖాళీ పడగానే ఆ ఊళ్లో జంతువుల ఫుట్‌బాల్ సీజన్ మొదలవుతుంది. మనుషులు మినుములు చల్లకుండా వదిలేసిన మడి ఒకటి చూసుకుని, రెండు చివర్లా సరుగుడు గుంజలు పాతి గోల్ అనుకుంటారు. ఇటు పెరటి జట్టు, అటు అడవి జట్టు. పెరటి జట్టు పోయిన సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అంతకు ముందు సీజన్ సంగతి అడక్కండి, నాకు చెప్పబుద్ధి కాదు.

అయినా సరే, గాడిద పైడయ్య కోతలు మొదలైన రోజు నుంచే ఊరంతా చాటుతూ తిరుగుతున్నాడు. చాకిరేవుకి మూటలు మోస్తూ చెబుతాడు, మూటలు దించి చెబుతాడు, ఎవరూ దొరక్కపోతే గోడకి చెబుతాడు.

"ఈ ఏడు మనదే అప్పా, రాసి పెట్టుకో" అన్నాడు కోడిపెట్ట సన్యాసమ్మతో. ఆవిడ వయసులో పెద్దది కాబట్టి అక్క వరస కలిపి అప్పా అని పిలుస్తాడు.

"పోయినేడూ ఇదే మాటన్నావు గదరా."

"పోయినేడు బసవన్న కాలికి ముల్లు దిగింది."

"అంతకు ముందేడు?"

"అప్పుడు బురద."

"ఒరే పైడయ్యా, మన కెప్టెన్ ఎద్దు. బంతి దగ్గరికి ఎల్లేసరికి పొద్దు గూకుతాది. మన గోల్‌కీపర్ గేదె. నిలబడి నెమరేస్తూ కునుకు తీస్తాది. నీకింత ఆశ ఎక్కణ్ణించి పుట్టుకొస్తందిరా?"

"బసవన్నది తిన్నని నడక. కర్రెమ్మది గోల్ నిండే ఒళ్లు. ఇంకేటి కావాల? ఒక్క మ్యాచ్ అప్పా. ఆళ్లు ఒక్కటి గెలిస్తే సూడాలనుంది. అంతే."

ఎగతాళి చేద్దామని నోరు తెరిచిన సన్యాసమ్మ, అతని మొహం చూసి గింజలు ఏరుకోవడంలో పడింది.

అడవి జట్టు నాయకుడు నక్క వీరబాబు. మైదానంలో పరుగెత్తేది తక్కువ, గమనించేది ఎక్కువ. పోయిన సీజన్ చివర్లో అతనొక సంగతి పసిగట్టాడు. కర్రెమ్మ కునుకు తీసినప్పుడే గోల్ పడుతోంది. పైడయ్య గట్టిగా ఓండ్ర పెడితే మాత్రం ఉలిక్కిపడి కళ్లు తెరుస్తోంది, అప్పుడు వచ్చిన బంతి ఆవిడ డొక్కకి తగిలి వెనక్కి పోతోంది. పైడయ్య ఎప్పుడూ అవతలి చివర, అడవి జట్టు గోల్ పక్కన నిలబడతాడు, మనవాళ్లు గోల్ కొడితే దగ్గర్నుంచి చూడొచ్చని. అంత దూరం నుంచి కూడా ఆ గొంతు పనిచేస్తోందంటే, అసలు ఆ గొంతే లేకపోతే పని ఇంకా తేలిక అనుకున్నాడు వీరబాబు.

మొదటి మ్యాచ్ ముందు రోజు సాయంత్రం చాకిరేవు దగ్గరికి వచ్చాడు.

"ఏం బావా, ఈ ఏడు మీదేనట గదా?"

పైడయ్య పొంగిపోయాడు. "నువ్వూ ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోక? బసవన్నలాంటి కెప్టెన్ మాకేడీ? కాకపోతే ఒక్కటే... వద్దులే, బాధపడతావు."

"సెప్పు బావా, నీ పుణ్యముంటాది."

"మీవాళ్లు ఓడిన మ్యాచ్‌లన్నిటికీ నువ్వు వచ్చావా లేదా?"

"ఒక్కటీ ఒదల్లేదు" అన్నాడు పైడయ్య గర్వంగా.

"నువ్వు రాని మ్యాచ్ ఎప్పుడైనా ఓడారా?"

పైడయ్య చెవులు వాల్చి ఆలోచించాడు. తను రాని మ్యాచ్ అంటూ లేదు. కాబట్టి ఓడినదీ లేదు. లెక్క చక్కగా కుదిరినట్టే కనబడింది, అందుకే గుండె కలుక్కుమంది.

"అంటే... నావల్లేనంటావా?"

"నేనెందుకంటాను? లోకం అంటోంది. నీలాంటి వాళ్లని ఐరన్ లెగ్ అంటారు. అందరికీ ఒకటుంటేనే కష్టం, నీకు నాలుగున్నాయి. నీ చూపు పడితే చాలు, మీవాళ్ల కాళ్లు తడబడతాయి. జట్టంటే నిజంగా ప్రాణమైతే రేపు మ్యాచ్ చూడకు."

పైడయ్య తన నాలుగు కాళ్ల వైపూ చూసుకున్నాడు. కోతలప్పట్నుంచీ అతను బతుకుతున్నది రేపటి కోసమే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అలాగే బావా. ఆళ్లు గెలిస్తే సాలు. నాను సూడను."

వీరబాబు అతని మెడ నిమిరి, తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

తెల్లారి మైదానం కిటకిటలాడింది. వీరబాబు అవతలి చివరకి చూశాడు. పైడయ్య లేడు. హమ్మయ్య అనుకుంటుండగా, ఇవతల పెరటి జట్టు గోల్ వెనక ఎవరో నిలబడి ఉండటం కనిపించింది. మొహం పొలాల వైపు, వీపు మైదానం వైపు.

"ఇదేం అవతారంరా?" అంది సన్యాసమ్మ, సరుగుడు గుంజ ఎక్కి కూర్చుంటూ.

పైడయ్య జరిగింది చెప్పాడు. "సూడొద్దన్నాడు గానీ రావొద్దన్లేదు అప్పా. సూడనప్పుడు ఏ మూలైతే ఏటి, మనోళ్ల దగ్గరే నిలబడతాను."

"ఆ నక్క మాట నమ్మీసేవా?"

"నమ్మకపోతే, తీరా అది నిజమైతే? ఎన్ని మూటలైనా మోస్తాను గానీ ఆ పాపం మొయ్యలేను. నువ్వు సూసి సెప్పు."

రిఫరీ కొంగ ఒంటికాలి మీద నిలబడి ఈల ఊదింది. మ్యాచ్ మొదలైంది.

"బంతి ఆళ్ల దగ్గరుంది" అంది సన్యాసమ్మ. పైడయ్య ఓండ్ర పెట్టాడు. "బంతి గట్టు దాటింది." ఓండ్ర. "ఎవరో తుమ్మేరు." దానికీ ఓండ్రే. ఏం జరుగుతోందో కనబడక అతనికి ప్రతి చప్పుడూ ప్రాణం మీదికే వచ్చింది.

"ఒరే, నా చెవిలో సంత పెట్టేవేట్రా!" అని కర్రెమ్మ వెనక్కి తిరిగి అరిచింది. ఇక కునుకెక్కడిది? జన్మలో మొదటిసారి ఆవిడ మ్యాచ్ మొత్తం కళ్లు తెరుచుకునే చూసింది. చూస్తే ఆట బాగానే ఉందనిపించింది కూడా.

అడవి జట్టు దుప్పి బంతితో గాలిలా దూసుకొచ్చింది. గోల్ దగ్గరికి రాగానే కర్రెమ్మ వెనక నుంచి పైడయ్య వెనకకాళ్లు ఎగిరాయి. ఆత్రం పట్టలేక తన్నుతున్నాడు పాపం, గాలినే. దుప్పి నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి ఆగిపోయింది. బంతి మెల్లగా దొర్లుకుంటూ కర్రెమ్మ కాలికి తగిలి ఆగింది.

"ఏటైంది అప్పా?"

"దుప్పి ఆగిపోనాది."

"ఎందుకూ?"

"నీ కాళ్లు సూసి."

పైడయ్య గతుక్కుమన్నాడు. "అయ్యో, ఐరన్ లెగ్గు పనిచేసేసిందా?"

"బెమ్మాండంగా పనిచేసింది. ఆపకురా నాయనా, ఆడిస్తూనే ఉండు!"

తరవాత కుందేలు వచ్చి ఆగింది. అడవిపంది వచ్చి, చూసి, పక్కకి తిరిగిపోయింది. వీరబాబు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని చివరికి కొంగ మీదికి వెళ్లాడు.

"ఆ గాడిదని బయటికి పంపండి!"

"బయటే ఉన్నాడుగా" అంది కొంగ. "గీత అవతల."

"ఆటని పాడుచేస్తున్నాడు!"

"ఆటవైపే చూడటంలేదు. ఏ తప్పు చేశాడని పంపమంటావు?"

గొడవ అంటే చెవి కోసుకునే కోతి అడవి జట్టు గోల్‌కీపర్. అంత మంచి తగువు అంత దూరంలో జరుగుతుంటే ఉండబట్టలేక గోల్ వదిలేసి పరుగున వచ్చింది. మిగతావాళ్లూ చుట్టూ మూగారు. ఈ సందట్లో ఆట ఆపమని కొంగ ఈల ఊదనే లేదని ఎవరూ గమనించలేదు, బసవన్న తప్ప. కర్రెమ్మ కాలితో తోసిన బంతి తిన్నగా వచ్చి అతని ముందు ఆగింది. బసవన్నకి పరుగు రాదు. మెడ మీద కాడి పడ్డప్పట్నుంచీ వచ్చింది ఒక్కటే, తిన్నగా నడవడం. నడిచాడు.

"పైడయ్యా, బసవన్న బయల్దేరాడు!"

"ఎంతదాకా ఎల్లాడు?"

"సగం మడి. ఎవరూ సూడ్డంలేదు. నడు బసవన్నా, నడూ... ఓలమ్మో, గోల్ ఖాళీరా!"

పైడయ్య చెవులు రెండూ వెనక్కి మళ్లాయి. మెడ తనంతట తనే తిరగబోయింది. కళ్లు గట్టిగా మూసుకుని ఆపుకున్నాడు. సన్యాసమ్మ మాట ఆగిపోయింది.

"అప్పా? సెప్పవేం? అప్పా!"

"గోలురా పైడయ్యా! మనదేరా! మనోళ్లే కొట్టేర్రా!"

ఆ తరవాత పెట్టిన ఓండ్రకి పక్క ఊరి కుక్కలు లేచి కూర్చున్నాయి. మ్యాచ్ అయిపోయి కొంగ ఆఖరి ఈల ఊదాకే అతను వెనక్కి తిరిగాడు. పెరటి జట్టు మొత్తం తన వైపే వస్తోంది. కర్రెమ్మ అతని మెడ మీద తల వాల్చింది. పైడయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు, అంత సంతోషం అతనికి కొత్త.

మర్నాడు వీరబాబు మళ్లీ చాకిరేవుకి వచ్చాడు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"బావా, నేనే పొరబడ్డాను. నీ చూపులో ఏ దోషమూ లేదు. వచ్చే మ్యాచ్ అవతలి చివర నిలబడి కళ్లారా చూసుకో."

"నీ మేలు ఎలా మరిసిపోతాను బావా!" అన్నాడు పైడయ్య. "నువ్వు సెప్పబట్టే గెలిసేం. ఈ సీజనంతా నాను తిరగను. అదే గోలు, అదే సోటు, అదే వీపు."

"మీవాళ్ల గోల్ చూడాలని లేదా నీకు?"

"సన్యాసప్ప సెబుతాది గదా. నిన్న బసవన్న నడిసేడంది. ఇయ్యాల పొద్దున అడిగితే పరిగెట్టేడంది. రేపటికి ఎగురుతాడు. అంత బాగా నాకెక్కడ కనబడతాది?"

వీరబాబు తోక ముడుచుకుని అడవిదారి పట్టాడు.

అభిమానికి లేనిపోని నమ్మకం అంటించేవాడు, అది రేపు ఎవరి మీదికి కాళ్లు జాడిస్తుందో ముందే చూసుకోవాలి.