చెంబుడు నీళ్ళ మర్యాద

అనగనగా ఒక ఊళ్ళో, గోదారి పక్కనే, ఒక ఇల్లుండేది. మర్యాదకి పెట్టింది పేరు ఆ ఇల్లు. గడప దాటి ఎవరొచ్చినా సరే, చెంబుడు నీళ్ళు చేతికివ్వందే పలకరించేవాళ్ళు కాదు. పోస్టుమాన్ కూడా తాగి తీరాల్సిందే. ఊఁ కొట్టు మరి.

ఆ ఇంటికి ఒకరోజు వకుళ అని ఏడేళ్ళ పిల్ల వచ్చింది. కడుపుతో ఉన్న వాళ్ళమ్మని ఆస్పత్రి మంచం దిగొద్దంది డాక్టరమ్మ. నాన్న అక్కడే తోడుండిపోయి, పిల్లని అమ్మమ్మ ఇంటికి పంపించాడు. పిల్ల ఒళ్ళో ఒక మొక్క. ఎప్పుడూ వానలు కురిసే అడవుల జాతిట, ఇంట్లోనే పెంచుకోవాలిట. వెడల్పాటి ఆకులు, పైన చారలు, కింద వంకాయ రంగు. "ఇది అక్కడ కొత్త ఆకు వేసేసరికి నేనొచ్చేస్తాను" అని వాళ్ళమ్మ చెప్పి పంపింది. ఇక పిల్ల ప్రాణమంతా ఆ మొక్క మీదే.

అప్పుడు ఏమైందీ, దీపాలు పెట్టే వేళకి ఆ ఆకులన్నీ పైకి లేచి, దండం పెట్టినట్టు దగ్గరికి ముడుచుకున్నాయి. పాపం ప్రయాణపు బడలిక అనుకుని అమ్మమ్మ చెంబుడు నీళ్ళు పోసింది. ఆవిడ చూడకుండా తాతయ్య ఒక చెంబు. ఆయన చూడకుండా కస్తూరి పిన్ని ఒక చెంబు. అది ఆ మొక్క నిద్రపోయే తీరని ఎవరికి తెలుసు? తెల్లారగానే ఆకులు విప్పుకుంది. అంతా నా నీళ్ళ మహిమే అనుకున్నారు ముగ్గురూ. ఇంక రోజూ అదే పని.

ఆ తర్వాత వారానికి ఆకులు పండుబారి, అంచులు మాడిపోయాయి. అమ్మమ్మ చలవ చేస్తుందని మజ్జిగ పోసింది. తాతయ్య ఎండ తగలాలంటూ డాబా మీద పెట్టాడు. మధ్యాహ్నానికి ఆకులు అప్పడాల్లా అయ్యాయి.

ఇంకో రెండు రోజులకి వకుళ ముట్టుకుంటే ఒక కాడ ఊడి చేతికొచ్చేసింది. ఒకటే మురుగు వాసన. పిల్ల ఏడవలేదు. "అయితే అమ్మ రాదా?" అని అడిగింది.

అంత చిన్న పిల్ల అంత భయం లోపల పెట్టుకుని తిరుగుతోందని ఎవ్వరూ అనుకోలేదు.

అప్పుడు తాతయ్య మొక్కల బండి సింహాచలాన్ని పిలుచుకొచ్చాడు. అతను మట్టిలో వేలు పెట్టి చూశాడు. "దీనికి రోగం లేదమ్మగోరూ, మీ మర్యాదే దీని రోగం" అన్నాడు. కొత్త చోటికొచ్చిన మొక్క ఒకటో రెండో ఆకులు రాల్చుకుంటుందిట. అక్కడి గాలీ వెలుగూ అలవాటయ్యేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలిట. కుళ్ళిన వేళ్ళు కోసేసి, కొత్త మట్టిలో నాటి, వెలుగున్నా ఎండ పడని మూల పెట్టాడు. వేలికి మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు, అవీ వకుళే పొయ్యాలి అన్నాడు. ఆ తర్వాత అమ్మమ్మ చేతిలో చెంబు లాక్కుని తనే తాగేశాడు.

ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం ఆ ఇంట్లోవాళ్ళకి ఎంత కష్టమైందో చెప్పలేను. అమ్మమ్మ చెంబుతో కుండీ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేది. అలా రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున మొక్క నడుమ చుట్ట చుట్టుకున్న లేతాకు, అగ్గిపుల్లంత.

ఆ వారంలోనే గుమ్మం ముందు ఆటో ఆగింది. అమ్మ దిగింది, చేతుల్లో పొత్తిళ్ళతో. అమ్మమ్మ, తాతయ్య, పిన్ని మూడు చెంబులతో ఉరికారు. వెనక వీధి వీధంతా. వకుళ గుమ్మంలో చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

"ముందు వాళ్ళని పడుకోనివ్వండి. అలవాటు పడ్డాక చూద్దురుగాని."

ఒక్కరూ అడుగు ముందుకు వెయ్యలేదు. అమ్మమ్మ చెంబు కింద పెట్టేసింది.

ఆ పొత్తిళ్ళలో ఉన్న బుజ్జిముండవి నువ్వే. చెంబు కింద పెట్టిన అమ్మమ్మని నేనే. మీ అక్క ఆ రోజంతా నిన్ను ముట్టుకోనివ్వలేదే నన్ను, ఇప్పటికీ ఉక్రోషమే నాకు. ఏదీ, ఇలా దగ్గరికి జరుగు.

కథ కంచికి, చెంబు గూటికి,
ఆకు ముడిచి మొక్క నిద్రకి,
నువ్వు నా పక్కకి.