జాజిని పిలిచిన గొంతు

ఆ కుక్కపిల్లతో ఓబులేసుకు విసుగెత్తిపోయింది.

కొండమీది మఠంలో అతనికది పదకొండో ఏడు. అతను తత్వం అందుకుంటే కింద ఊళ్లో వినపడేది. గురువు చెన్నకేశవయ్య ఏ పని చెప్పినా రెండోసారి చెప్పించుకున్నవాడు కాడు. అలాంటివాడికి, మేకల కాపలాకని తెచ్చిన నాలుగు నెలల పిల్ల లొంగలేదు. ఎర్రమట్టి జాజురంగులో ఉందని దానికి జాజి అని పేరు పెట్టుకున్నారు.

"కూర్చోమంటే కూర్చుంటుంది స్వామీ. ఉండమంటే ఉంటుంది. రమ్మంటే మాత్రం రాదు. దీనికి బుద్ధి లేదు. ఎవరికైనా ఇచ్చేసి ఇంకోదాన్ని తెచ్చుకుందాం."

గురువు ఎండలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. "ఏదీ, పిలువు, చూద్దాం" అన్నాడు.

ఓబులేసు పిలిచాడు. జాజి దొడ్డి దగ్గరే నిలబడి చూసింది. మళ్లీ పిలిచాడు. మూడోసారికి గొంతు లేచింది. ఆరోసారికి మేకలు కూడా మేత ఆపి తలలెత్తాయి. అప్పుడు జాజి తోక ముడుచుకుని, పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చింది. రాగానే ఓబులేసు దాని చెవి పట్టి మెలితిప్పాడు.

"ఇన్నిసార్లు పిలిపించుకుంటావా?"

కుక్కపిల్ల కుయ్యిమంది. గురువు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టాడు.

"రేపు పొద్దున కనుమ దాకా పోదాం. దాన్నీ తీసుకురా" అన్నాడు.

తెల్లవారి బయల్దేరేసరికి కొండంతా పొగమంచు. బాటకు ఎడమపక్క లోయ. కిందటేడు రెండు మేకలు అందులో పడిపోతే కళేబరాలు కూడా దొరకలేదు. ముందు నడుస్తున్న గురువు కంబళి తప్ప ఓబులేసుకు ఏమీ కనపడటం లేదు. జాజి మెడలో గంట మాత్రం పక్కనే మోగుతోంది.

ఎక్కడో కౌజుపిట్ట టపటపా రెక్కలు కొట్టుకుంటూ లేచింది. ఒక్క ఉరుకున గంట మంచులోకి పోయింది.

"జాజీ, రా" అని అరిచాడు ఓబులేసు.

లోయ అవతలి నుంచి అతని గొంతే తిరిగొచ్చింది. అందులో వింత లేదు, ఆ లోయ ఏ కేకనైనా తిప్పి పంపుతుంది. కానీ తిరిగొచ్చింది కేక కాదు. గోరుముద్ద చేతిలో పెట్టుకుని పసిబిడ్డను పిలిచినట్టు, మెత్తగా, "జాజీ, రా" అంది.

గంట ఆగింది. ఎడమకు తిరిగింది.

ఓబులేసు ఇంకా గట్టిగా అరిచాడు. కోపంగా అరిచాడు. అరిచినకొద్దీ గంట దూరమైంది. అవతల ఆ గొంతు ఏ తొందరా లేకుండా పిలుస్తూనే ఉంది. ఏవో గులకరాళ్లు జారాయి. అవి అడుగున పడిన చప్పుడు చాలాసేపటికి గాని రాలేదు.

గురువు అరచెయ్యి వచ్చి అతని నోరు మూసింది.

ఓబులేసు పెదవులు ఆ చేతికింద బిగుసుకుపోయి ఉన్నాయి. ఊపిరి కూడా తీయడం లేదు. అప్పుడు లోయలోంచి అతని గొంతు మళ్లీ పిలిచింది.

"రా తల్లీ."

ఆ మాట అతను ఏనాడూ ఆ కుక్కతో అనలేదు.

గురువు అతని భుజం నొక్కి నేలమీద కూర్చోబెట్టాడు. చేతిలో జొన్నరొట్టె తునక పెట్టాడు. చెవి దగ్గర అన్నాడు, "ఒక్కసారి పిలువు. రెండోసారి వద్దు."

ఓబులేసు నోరు తెరిచాడు. ఏ గొంతుతో పిలవాలో తెలియలేదు. తన గొంతుకు జాజి రాదు. అది వెళ్లే గొంతు అవతల ఉంది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి పిలిచాడు. పక్కనున్న గురువుకైనా వినపడిందో లేదో.

"జాజీ, రా."

గంట ఆగిపోయింది. ఆ మాటను లోయ తిప్పి పంపలేదు.

మళ్లీ పిలవాలని అతని నాలుక కొట్టుకుంది. గురువు వేలు అతని మోకాలి మీద ఉంది. మంచు కదిలిపోతోంది. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. రొట్టె పట్టుకున్న చేతికి తడిముక్కు తగిలింది.

ఓబులేసు రెండో చెయ్యి ఎత్తాడు. జాజి గట్టిగా కళ్లు మూసుకుని, మెలితిప్పించుకోవడానికి తనంతట తానే చెవి వంచి పెట్టింది.

ఆ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. చాలాసేపటికి దాని తలమీదికి దిగింది.

తిరుగుదారిలో అతను గురువు వెనకే నడిచాడు. మఠం కప్పు కనపడే వేళకు అడిగాడు.

"స్వామీ, అవతల నుంచి పిలిచిందెవరు?"

"నీకు ఎవరి గొంతులా వినపడింది?"

"నా గొంతే."

గురువు నడక ఆపలేదు.

"నీదే అయితే, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టుకున్నావు నాయనా?"