ఎండలో గొడుగు

హైమకు ఆ పూట కాళ్లు నేలమీద నిలవలేదు. చేపలకు ఎర్రమచ్చల తెగులు రాకుండా తను తయారుచేసిన టీకా పనిచేసింది. టీకా వేసిన తొట్టిలో తెగులు క్రిమిని వదిలి వారం దాటినా, ఒక్క శీలావతి చేపపిల్ల కూడా చచ్చి తేలలేదు.

ప్రయోగశాల వసారాలో రామభద్రరాజుగారు కూర్చుని ఉన్నారు. నిరుడు ఆయన చెరువంతా ఆ తెగులుకే పొట్టలు తిప్పి తేలింది. చెరువు చచ్చిన రైతు మొహం ఒకసారి చూస్తే జన్మంతా మర్చిపోలేం. "నీ మాట మీదే మళ్లీ పిల్ల వదులుతానమ్మా. ఈసారి పోతే ఇంక లేవలేను" అన్నారాయన, టీకా పనిచేసిందని హైమ చెప్పగానే.

హైమ లోపలికెళ్లింది. చేపల రోగాల దగ్గరే జుట్టు నెరిసిన జిలానీ మాస్టారు తలెత్తారు.

"ఒక్కటీ చావలేదు మాస్టారూ."

"అబ్బో. మరి పక్క తొట్టి? టీకా వెయ్యనివి?"

"వాటికీ అదే క్రిమిని వదిలానండి."

"అది కాదమ్మా. అవెలా ఉన్నాయి?"

హైమ తడబడింది. "అవీ... బాగానే ఉన్నాయండి. గట్టి పిల్లలై ఉంటాయి."

మాస్టారు లేచారు. మూలనున్న గొడుగు తీసుకుని పెరట్లోకి నడిచారు. మబ్బు తునకైనా లేదు. కాలిపోతున్న గచ్చు మధ్య గొడుగు విప్పి, కాసేపు అలాగే నిలబడ్డారు. ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందేమోనని హైమ కంగారుపడింది.

ఆయన లోపలికొచ్చి చెయ్యి చాపారు. "చొక్కా ముట్టుకుని చూడు. ఎక్కడైనా వానకి తడిసిందా?"

"లేదండి."

"గొడుగు భలే మంచిది కదూ?"

హైమ నవ్వబోయి ఆగిపోయింది. కళ్లు పక్క తొట్టి వైపు తిరిగాయి.

"ఆ క్రిమిని గాజు గిన్నెలో ఎన్నాళ్లుగా పెంచుతున్నావు?"

"రెండేళ్లవుతోందండి."

"మేపి మేపి ఇంటల్లుణ్ణి చేశావన్నమాట. ఇంకేం కరుస్తుంది?"

హైమ వసారాలోకి వచ్చింది. రాజుగారు లేచి నిలబడ్డారు.

"మాస్టారు పిల్ల వదలమన్నారా?"

"వద్దండి. టీకా పనిచేస్తుందో లేదో నాకింకా తెలీదు."

"ఇందాక తెలుసన్నావుగా?"

"ఇందాక అలా అనుకున్నానండి."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "సరే, చెరువు ఎండగడతాను. తెలిశాక కబురు పెట్టు."

ఆయన మెట్లు దిగుతుంటే హైమ వెనకే వెళ్లింది.

"రాజుగారూ, మీ చుట్టుపక్కల చెరువుల్లో ఎక్కడైనా ఈ తెగులు తగిలిన చేప దొరికితే, ప్రాణం పోకముందే నాకు తెచ్చివ్వండి."

"చచ్చేదాన్ని ఏం చేసుకుంటావమ్మా?"

"చచ్చేదే కావాలండి. కరిచే క్రిమి దాన్లోనే దొరుకుతుంది."