పెయ్యకి పోసిన గంజి

అనగా అనగా కాలవ గట్టున ఒక పల్లెటూరు. ఆ ఊళ్ళో వీర్రాజు, సత్తెమ్మ అని ఇద్దరు మొగుడూ పెళ్ళాలు. వాళ్ళకి నూకరత్నం అని నీ అంత పిల్ల. పాకలో ఒక గేదె, దాని పెయ్య.

ఒక ఏడు పంట బాగా పండింది. అప్పుడు వీర్రాజుకి పెద్దింటివాళ్ళలా బతకాలని బుద్ధి పుట్టింది. పుడితే పుట్టింది, అది పిల్ల కంచం మీదే పడాలా?

ముందు దంపుడు బియ్యం మానేశాడు. మిల్లులో మూడుసార్లు పాలిష్ పట్టించి మల్లెపూలలాంటి బియ్యం తెచ్చాడు. తవుడంతా పెయ్యకి పోయింది.

ఆ తర్వాత, "గంజీ, మునగాకూ కూలోళ్ళ తిండి. మనింట్లో కనపడకూడదు" అన్నాడు. మొన్నటిదాకా ఆయన తాగి పెరిగింది ఆ గంజేగా, ఈసడించడానికి నోరెలా వచ్చిందో. అవీ కుడితి తొట్టిలోకే పోయాయి. పిల్లకి మాత్రం పొద్దున్నే రంగు కాగితం చుట్టిన బిస్కెట్లు.

ఆ తర్వాత, ఎండలో ఆడితే నల్లబడుతుందని పిల్లని గదిలో కూర్చోబెట్టాడు. ఈ మాట చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెయ్య ఎండలో గెంతుతోంది, కన్నకూతురు కిటికీలోంచి చూస్తోంది.

అప్పుడు వానలు పడ్డాయి. నూకరత్నానికి ముందు జలుబు చేసింది. ఆ తర్వాత దగ్గు పట్టుకుంది. అది తగ్గీ తగ్గకుండానే జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి పిల్ల మెడ నిలబెట్టలేకపోయింది. అదే వానలో తడిసిన పెయ్యకి తుమ్మైనా రాలేదు.

టౌన్లో డాక్టరమ్మకి చూపించారు. "జ్వరానికి మందు నేనిస్తాను. ఒంట్లో ఎదురు తిరిగే సత్తువ నేనివ్వలేను. అది తిండీ, నిద్రా, ఆటా ఇవ్వాలి. ఇంకోసారి ఇలా పడితే పిల్ల తట్టుకోలేదు" అందావిడ.

ఇంత విని వీర్రాజు ఏం చేశాడో తెలుసా? దారిలో ఇంకో రెండు డబ్బాల బిస్కెట్లు కొన్నాడు. మూర్ఖుడు.

మర్నాడు సత్తెమ్మ గంజి వార్చి తొట్టి దగ్గరికి తీసుకెళ్తోంది. అరుగు మీద పడుకున్న నూకరత్నం, "అమ్మా, అది నాకు పొయ్యవా? పెయ్యకి జబ్బు రాలేదుగా" అంది.

సత్తెమ్మ అక్కడే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తన చేత్తోనే కదా కూతురి తిండి తీసి పెయ్యకి పెట్టింది. సిగ్గుతో ఏడ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది. గంజి వెనక్కి తెచ్చి, ఉప్పేసి, మజ్జిగ కలిపి, పిల్ల చేతులు కడిగి గ్లాసు అందించింది.

"ఊళ్ళో మన పరువేం కాను?" అన్నాడు వీర్రాజు.

"పరువు నువ్వు తిను. పిల్ల గంజి తాగుతుంది" అంది సత్తెమ్మ.

అన్నట్టే చేసింది. పొద్దున్న ఆయనకి కంచం పెట్టలేదు. మధ్యాహ్నం పెట్టలేదు. రాత్రికి ఆయనే వంటింటి గడపలో కూర్చుని, తలొంచుకుని గంజి అడిగాడు.

మరి నూకరత్నానికి మళ్ళీ జలుబే రాలేదా అంటావా? వచ్చింది. రెండు రోజులుండి పోయింది. మూడో రోజు పిల్ల కాలవ గట్టు మీద ఎండలో పరిగెడుతుంటే, వీర్రాజు లోపలికి రమ్మని పిలవలేదు.

కథ వెళ్ళింది కంచికి,
కాళ్ళు కడిగి మంచానికి,
పొద్దున లేస్తే గంజికి.